వెంట్రుకవాసి సందు: ఆటోనగర్‌లో దొరికిన రోటరీ గ్యాస్ మీటర్, నా డైరీ

మార్చి 9

కంప్రెసర్‌కి వాల్వు ప్లేటు కోసం బెజవాడ ఆటోనగర్ తుక్కు కొట్టుకు వెళ్తే, పాత అల్యూమినియం హెడ్ల గుట్ట కింద రోటరీ గ్యాస్ మీటర్, అంటే ఫ్యాక్టరీకి పైపులో వచ్చే గ్యాస్‌ని కొలిచే మీటర్, కనిపించింది. రెండంగుళాల ఫ్లాంజి (పైపుకి బిగించే అంచు). ఇటు ఫ్లాంజి నుంచి అటు ఫ్లాంజికి 171 మి.మీ. నేమ్‌ప్లేటు మీద కంపెనీ పేరు చెరిగిపోయింది గానీ జి65 అన్న గుర్తు, దాని కింద క్యూమాక్స్ 100, క్యూమిన్ 5 అన్న అంకెలు వేలితో తడిమితే తెలుస్తున్నాయి. గంటకు 5 ఘనపు మీటర్ల నుంచి 100 దాకా కొలిచే మీటర్ అన్నమాట.

"దీన్ని కూడా కరిగించేస్తారా అన్నా?" అని అడిగాను.

"తిరగట్లేదు తమ్ముడూ, బిగుసుకుపోయింది. తీసుకుంటావా? కాటా మీద పెట్టు."

పన్నెండు కిలోల చిల్లర తూగింది. 2,400 ఇచ్చి, స్కూటర్ ముందు పెట్టుకుని పటమట వచ్చేశాను.

పద్నాలుగేళ్లుగా ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ పని చేస్తున్నాను. కొండపల్లి వైపు ఫ్యాక్టరీల్లో ఇలాంటి మీటర్లు చాలా బిగించాను, ఫిల్టర్లు మార్చాను, ఆయిల్ పోశాను. సీలు ఉన్న మీటర్‌ని విప్పే అధికారం మాకు ఉండదు, ఉండకూడదు కూడా. అందుకే లోపల ఏం జరుగుతుందో బొమ్మల్లో చూడటమే తప్ప చేత్తో పట్టుకుని చూసింది లేదు. మా మేనల్లుడు పాలిటెక్నిక్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ మూడో ఏడు. వాడికీ బోర్డు మీద గీసిన బొమ్మే. ఈ మీటర్‌ని బాగుచేసి, గేర్లు కనపడేలా అద్దం మూత పెట్టి, ఎంత సరిగ్గా కొలుస్తోందో తేల్చి, వాళ్ల ల్యాబ్‌కి ఇచ్చేయాలని అనుకున్నాను. పరీక్ష అంతా గాలితోనే. గ్యాస్ జోలికి వెళ్లను.

మార్చి 10

లోపల 8 అంకె ఆకారంలో తిరిగే రెండు లోహపు ముక్కలు, అంటే ఇంపెల్లర్లు, ఉంటాయి. ఒకటి నిలువుగా ఉన్నప్పుడు రెండోది అడ్డంగా ఉంటుంది. ఒకదానికొకటి ఎదురు దిక్కులో తిరుగుతాయి, కానీ ఎప్పుడూ తాకవు. తాకకుండా చూసేది చివర్లో ఉన్న జంట గేర్లు. ఇంపెల్లర్ పొట్టకూ బాడీ గోడకూ మధ్య అరచంద్రాకారంలో ఒక అర ఏర్పడుతుంది. అందులో చిక్కిన గ్యాస్ అవతలి వైపుకి పోవాల్సిందే. ఒక పూర్తి చుట్టుకి అలాంటి అరలు నాలుగు ఖాళీ అవుతాయి. చుట్లు లెక్కపెడితే గ్యాస్ లెక్క తేలినట్టే. కుంచంతో వడ్లు కొలిచినట్టు.

ఈ ఆకారం మీటర్ కోసం పుట్టింది కాదు. అమెరికాలో ఇండియానా రాష్ట్రం కానర్స్‌విల్‌లో ఉన్ని మిల్లు నడిపిన రూట్స్ అన్నదమ్ములు, ఫిలాండర్, ఫ్రాన్సిస్, 1860లో గాలి ఊదే బ్లోయర్‌గా దీనికి పేటెంట్ తీసుకున్నారు. బ్లోయర్‌లో మనం ఇంపెల్లర్‌ని తిప్పితే గాలి కదులుతుంది. మీటర్‌లో గ్యాస్ కదిలితే ఇంపెల్లర్ తిరుగుతుంది. అదే యంత్రాన్ని తిరగేసి చూడటమే. నాకు ఇందులో ఇప్పటికీ ముచ్చటేసే సంగతి ఇదే.

మార్చి 12

మూతలు ఊడదీశాను. ఇంపెల్లర్ల మీద తారులాంటి నల్లటి పొర. వేలికి అంటుకుంటే సబ్బుకి పోలేదు, కిరసనాయిలు రాస్తే పోయింది. గోరుతో గీకి తెల్ల కాగితం మీద రుద్దితే అంచుల్లో తుప్పు రంగు కనపడింది. పైపు లోపలి తుప్పు పొడి, గేర్ల గదిలో ఉండాల్సిన ఆయిల్, రెండూ కలిసి ఎండిపోయి గట్టిపడ్డాయి.

ఆయిల్ అక్కడికి ఎలా వచ్చిందో చూడగానే తెలిసింది. ఈ మీటర్లకు రెండు చివర్లా మూతల్లో పలుచటి ఆయిల్ ఉంటుంది. చిన్న అద్దం కిటికీలో మట్టం కనపడుతుంది. గేర్లు, బేరింగులు ఆ ఆయిల్‌తోనే బతుకుతాయి. మీటర్‌ని పైపు నుంచి విప్పేటప్పుడు ముందు ఆయిల్ తీసేయాలి, కొత్త చోట బిగించాక మళ్లీ పోయాలి. తీయకుండా పడుకోబెడితే ఆయిల్ కొలిచే గదిలోకి జారుతుంది. అక్కడ మొదట ఏమీ కనపడదు. ధూళి వచ్చి అంటుకున్నాక నెలల తర్వాత బయటపడుతుంది.

ఈ తప్పు నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఫ్యాక్టరీ నుంచి మీటర్‌ని ఆయిల్‌తో సహా ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్లాను. నాలుగు నెలల్లో అది బిగుసుకుపోయింది. రోటరీ మీటర్ ఆగితే గ్యాసూ ఆగుతుంది, ఎందుకంటే ఇంపెల్లర్లే దారికి అడ్డం. టర్బైన్ మీటర్ అయితే చక్రం ఆగినా గ్యాస్ పక్కల నుంచి పోతుంది. ఆ రోజు వాళ్ల ఫర్నేసు చల్లారిపోయింది, షిఫ్టు మొత్తం పోయింది. కారణం నాకు తెలిసినా నన్ను ఎవరూ అడగలేదు. ఇవాళ ఈ నల్లటి పొర గీకుతున్నంతసేపూ అదే గుర్తొచ్చింది.

మార్చి 15

రెండు రోజులు పోయాయి. గేర్లు తీసేటప్పుడు పళ్ల మీద గుర్తు పెట్టుకోలేదు. కడిగి మళ్లీ బిగిస్తే పావు చుట్టుకి ఇంపెల్లర్లు ఒకదానికొకటి తగిలి ఆగిపోయాయి. లేతు మేస్త్రి గారికి ఫోన్ చేస్తే, "చేత్తో బలంగా తిప్పావా?" అన్నదే ఆయన మొదటి మాట. తిప్పలేదండీ అన్నాను. "అయితే బతికింది. గేరు క్లాంపు వదులు చెయ్యి. నాలుగు చోట్ల ఫీలర్ గేజ్ పెట్టు. నాలుగూ ఒకలా వచ్చేదాకా కదుపుతూనే ఉండు." ఫీలర్ గేజ్ అంటే సందులో దూర్చి కొలిచే పలుచటి రేకుల కట్ట.

ఒక పక్క 0.10 మి.మీ., రెండో పక్క 0.05 వచ్చింది. గేరును ఉందా లేదా అన్నంత కదిపి, బిగించి, మళ్లీ కొలిచి, మళ్లీ వదులు చేసి... రాత్రి పదింటికి నాలుగు చోట్లా 0.08కి దగ్గరగా తెచ్చాను. మన తలవెంట్రుక మందం ఇంచుమించు ఇంతే. వెంట్రుకవాసి అన్న మాటని ఫీలర్ గేజ్ మీద చూడటం నాకిదే మొదటిసారి.

ఇప్పుడు ఫ్లాంజి దగ్గర నోటితో మెల్లగా ఊదితే ఇంపెల్లర్లు చప్పుడు లేకుండా తిరుగుతున్నాయి. మేనల్లుడు పది నిమిషాలు ఊదుతూ కూర్చున్నాడు.

మార్చి 23

గేర్ల వైపు మూత తీసేసి, దాని స్థానంలో 10 మి.మీ. ఎక్రిలిక్ షీటు కోయించి ఓ-రింగుతో బిగించాను. పెద్ద గేరు మీద తెల్ల రంగు చుక్క పెట్టి లైటు సెన్సర్‌తో లెక్కపెడదాం అనుకున్నా. ఆయిల్ చిమ్మి షీటు మసకబారగానే లెక్క తప్పింది. అందుకని గేరు మీద ఎదురెదురుగా రెండు 3 మి.మీ. అయస్కాంతాలు అంటించి, బయట అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్, దానికి లెక్కపెట్టే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు (ఈఎస్‌పీ32) పెట్టాం. ఒక్కటే పెడితే బరువు ఒక పక్కకి లాగుతుంది, అందుకే రెండు. చుట్టుకి రెండు పల్సులు.

ఇంపెల్లర్‌ని చేత్తో 200 చుట్లు తిప్పితే పైన కౌంటర్ 0.112 ఘనపు మీటర్లు కదిలింది. అంటే ఈ మీటర్ తన ఒక్కో చుట్టును 0.56 లీటరుగా లెక్కిస్తోంది. గంటకు 100 ఘనపు మీటర్లు పోతుంటే ఇంపెల్లర్ నిమిషానికి దాదాపు 3,000 చుట్లు తిరగాలి. ఆ వేగంలో రెండు లోహపు ముక్కలు వెంట్రుక దూరంలో, తాకకుండా!

ఏప్రిల్ 6

ఉగాది పనుల్లో వారం గడిచింది. ఇక కొలతను పరీక్షించడానికి కొలత కావాలి. బెల్ ప్రూవర్ అంటారు: నీళ్ల తొట్టిలో బోర్లించిన గంట. గంట తన బరువుతో దిగుతుంటే కింద ఉన్న గాలి మీటర్ గుండా బయటికి పోతుంది. గంట ఎంత దిగిందో చూస్తే ఎంత గాలి పోయిందో తెలుస్తుంది. పై మూత కోసేసిన 500 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు తొట్టి అయింది, 200 లీటర్ల ఇనప డ్రమ్ము గంట అయింది. వంగకుండా దిగడానికి మూడు పక్కలా చిన్న రోలర్లు.

డ్రమ్ముకి మధ్యలో ఉబ్బు గీతలు ఉంటాయి కాబట్టి వ్యాసం పెట్టి లెక్కకడితే తప్పు వస్తుంది. డ్రమ్ముని నోరు పైకి నిలబెట్టి, కింది గుర్తు నుంచి పై గుర్తు దాకా నీళ్లు తూచి పోశాం. కిరాణా కొట్టు కాటా, 20 లీటర్ల క్యాన్లు. మొత్తం 139.30 కిలోలు. కిలో నీళ్లంటే లీటరు అని ఊరుకుంటే కుదరదు. 30 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు 0.9957 కిలోలే తూగుతాయి. కాబట్టి 139.9 లీటర్లు. ఈ 0.6 లీటరు కోసం మేనల్లుడు నాతో వాదించాడు. మేం వెతికేదే శాతం లోపు తేడా అయినప్పుడు అర శాతాన్ని మొదట్లోనే వదిలేస్తే మిగతా కష్టమంతా దండగ.

ఏప్రిల్ 12

మొదటి పరీక్ష, మధ్యాహ్నం మూడింటికి. గంటకు 5 ఘనపు మీటర్ల ప్రవాహం, గంట దిగడానికి 101 సెకన్లు. 139.9 లీటర్లని 0.56తో భాగిస్తే రావాల్సినవి దాదాపు 250 చుట్లు, వచ్చినవి 241.5. తేడా మైనస్ 3.3 శాతం. పాత తుక్కుకి ఇదేం తక్కువ కాదు అనుకుని పడుకున్నాను.

ఏప్రిల్ 13

తెల్లవారుజామున ఐదింటికి మళ్లీ చేశాను. 236 చుట్లు. మైనస్ 5.5.

ఒకే మీటర్, ఒకే డ్రమ్ము. రెండు థర్మామీటర్లు పెట్టి చూశాక అర్థమైంది. నిన్న మధ్యాహ్నం డ్రమ్ము లోపలి గాలి 31 డిగ్రీలు, రేకుల షెడ్డులో మీటర్ దగ్గర 38. దారిలో ఏడు డిగ్రీలు వేడెక్కిన గాలి 2.3 శాతం ఉబ్బింది. మీటర్ గుండా నిజంగానే ఎక్కువ ఘనపరిమాణం పోయింది, ఎక్కువ చుట్లు తిరిగింది. బెజవాడ ఎండ మీటర్ తప్పుని సగం దాకా కప్పిపెట్టింది. ఇకనుంచి పరీక్షలన్నీ పొద్దెక్కకముందే, రెండు చోట్లా వేడి ఒక డిగ్రీ లోపు తేడా ఉంటేనే.

ఇంకో దిద్దుబాటు కూడా చేశాం. ప్రవాహం తగ్గించే వాల్వుని గంటకీ మీటర్‌కీ మధ్య పెట్టాం. గంటలో పీడనం 60 మి.మీ. నీటిమట్టం ఎక్కువ. వాల్వు దాటగానే అది పడిపోయి గాలి మరో 0.6 శాతం ఉబ్బుతోంది. వాల్వు మీటర్ తర్వాత ఉంటే గంటా మీటరూ ఒకే పీడనంలో ఉంటాయి. మార్చేశాం.

ఏప్రిల్ 20

వాల్వు మార్చాక కూడా తప్పు 6 శాతం దగ్గరే ఉంది. ఆ గాలి ఎటు పోతోంది? బయటికి కారడం లేదు, సబ్బు నురగ పెట్టి అన్ని కీళ్లూ చూశాం. లెక్కలోకి రాకుండా లోపలి నుంచే జారిపోతోంది, ఆ వెంట్రుకవాసి సందుల్లోంచి.

సందు ఉన్నంత మాత్రాన గ్యాస్ జారదు. మీటర్ ముందు వైపు పీడనం, వెనక వైపు కంటే ఎక్కువ ఉండాలి. ఇంపెల్లర్లు సుళువుగా తిరిగితే ఆ తేడా దాదాపు ఏమీ ఉండదు. బేరింగు పట్టేస్తే, దాన్ని తిప్పడానికి గ్యాస్ ఎక్కువ నెట్టాలి. అప్పుడు పీడనం తేడా పెరుగుతుంది, ఆ తేడాయే సందుల్లోంచి గ్యాస్‌ని నెడుతుంది. పెద్ద ప్రవాహంలో ఈ జారుడు సముద్రంలో చెంబెడు. చిన్న ప్రవాహంలో అదే పెద్ద వాటా. అందుకే మీటర్ జబ్బు ఎప్పుడూ చిన్న ప్రవాహం దగ్గరే ముందు బయటపడుతుంది.

పీడనం తేడా చూడటానికి తాపీ మేస్త్రులు వాడే లెవెల్ పైపులో రంగునీళ్లు పోసి, పదికి ఒకటి వాలుగా పలక మీద బిగించాను. ఒక మిల్లీమీటరు తేడా వాలు మీద పది మిల్లీమీటర్లుగా కనపడుతుంది. గంటకు 20 ఘనపు మీటర్ల దగ్గర వాలు మీద 41 మి.మీ. వచ్చింది. స్క్రూడ్రైవర్ కొన మీటర్ మూతకి ఆనించి పిడిని చెవికి పెట్టుకుంటే, కౌంటర్ వైపు నుంచి ఇసుక నలిగినట్టు గరగర. కడిగినా బేరింగుల్లో తుప్పు పొడి మిగిలిపోయింది.

ఏప్రిల్ 27

నాలుగు బేరింగులూ మార్చాం. ఈసారి గేర్ల పళ్ల మీద ముందే పంచ్‌తో గుర్తులు కొట్టాను. ఫీలర్ గేజ్ పని గంటలో అయిపోయింది. కొత్త ఆయిల్ అద్దం కిటికీ సగం దాకా. ఎక్కువ పోసినా కొలిచే గదిలోకే పోతుంది.

మీటర్‌ని రసమట్టంతో రెండు దిక్కులా చూశాను. వెయ్యి మి.మీ. పొడవుకి 5 మి.మీ. మించి వాలు ఉండకూడదు.

తెల్లవారి ఐదున్నర:
గంటకు 5 ఘనపు మీటర్ల దగ్గర 245.5 చుట్లు, మైనస్ 1.7 శాతం.
10 దగ్గర 247, మైనస్ 1.1.
20 దగ్గర 248.5, మైనస్ 0.5.
వాలు పైపులో పీడనం తేడా 41 నుంచి 16 మి.మీ.కి దిగింది.

యూరప్ ప్రమాణం ఈఎన్ 12480 ప్రకారం క్యూమిన్‌కి ఇరవై రెట్లు క్యూమాక్స్ ఉన్న మీటర్‌కి క్యూమాక్స్‌లో ఐదో వంతు దాకా, అంటే ఇక్కడ 20 దాకా, రెండు శాతం తప్పు ఒప్పుకుంటారు, ఆపైన ఒక శాతం. ఇరవై దాటి నా డ్రమ్ము కొలవలేదు, ఇరవై దగ్గరే అది పాతిక సెకన్లలో దిగిపోతుంది. కొలిచినంత మేర తుక్కు కొట్లో దొరికిన మీటర్ ప్రమాణం లోపల ఉంది. ఆ కాగితం షెడ్డు తలుపు వెనక అంటించాను.

మే 4

ఫ్యాక్టరీలవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న: "మీటర్ పాతదైంది, స్పీడుగా తిరుగుతోందేమో, బిల్లు ఎక్కువ వస్తోంది." ఈ రెండు నెలల పని తర్వాత వాళ్లకి నమ్మకంగా చెప్పగలను. అరిగినా, మురికి పట్టినా రోటరీ మీటర్ సాధారణంగా తక్కువే చూపిస్తుంది. గ్యాస్ జారిపోతుంది గానీ లేని గ్యాస్‌కి ఇంపెల్లర్ తిరగదు. బిల్లు మీద అనుమానం ఉంటే మీటర్ పక్కన పెట్టె చూడాలి, అంటే కౌంటర్ అంకెని గ్యాస్ పీడనం, వేడిని బట్టి బిల్లు లెక్కలోకి మార్చే వాల్యూమ్ కరెక్టర్‌ని.

మేనల్లుడికి లెక్క వేసి చూపించాను. మన దగ్గర స్టాండర్డ్ ఘనపు మీటర్ అంటే 15 డిగ్రీలు, 1.01325 బార్ దగ్గర ఉన్న గ్యాస్. లైనులో గేజి పీడనం (బయటి గాలి పీడనం కంటే ఎంత ఎక్కువో అది) 1 బార్, గ్యాస్ వేడి 35 డిగ్రీలు అనుకుందాం. పీడనం వల్ల 1.987 రెట్లు, వేడి వల్ల 0.935. రెండూ గుణిస్తే 1.858. కౌంటర్ మీద 100 తిరిగితే బిల్లులో 185.8 పడాలి. కరెక్టర్‌కి వేడి సరిగ్గా తెలియక 25 డిగ్రీలనుకుంటే 192 పడుతుంది. ఇంపెల్లర్ చేసిన పనిలో ఏ తప్పూ లేదు, థర్మామీటర్ దూర్చే గొట్టంలో ఆయిల్ ఎండిపోయి సెన్సర్‌కి వేడి అందకపోతే చాలు.

"అంటే మావయ్యా, మీటర్ బాగున్నా బిల్లు తప్పొచ్చు" అన్నాడు. అవును. ఏదీ చూడకుండా మీటర్‌ని మార్చమని ఉత్తరాలు రాసేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. ముందు ఆ గొట్టం మూత తీసి చూడండి.

వాడి నోట్సులో ఇంకొన్ని రాయించాను. గ్యాస్ పైనుంచి కిందికి పోయేలా బిగించాలి, మురికి ఇంపెల్లర్ల మీద నిలవకుండా రాలిపోతుంది. ముందు ఫిల్టర్ తప్పనిసరి. టర్బైన్, ఆరిఫిస్ (చిల్లు పలక) మీటర్లలా ముందు పొడవాటి తిన్నని పైపు అక్కర్లేదు, అందుకే ఇరుకు చోట్ల ఇదే పెడతారు. అన్నిటికంటే ముఖ్యం, కొత్తగా గ్యాస్ వదిలేటప్పుడు వాల్వు గబుక్కున తెరవకూడదు. పీడనం సెకనుకి 0.35 బార్ మించి పెరగకూడదు. ఒక్క క్షణం ఖాళీ పైపులోకి దూకే గ్యాస్ ఇంపెల్లర్లని నిమిషానికి మూడు వేల చుట్లు దాటించేస్తుంది. నేను చూసిన పగిలిన మీటర్లలో ఎక్కువ భాగం మొదటి రోజే పగిలినవి.

జూన్ 16

కాలేజీ తెరిచారు. ల్యాబ్‌లో ఒక బల్ల, గోడకి ప్లగ్గు ఇస్తామన్నారు. నిన్న రాత్రి మూతల కింద ప్లగ్గులు విప్పి రెండు వైపులా ఆయిల్ సీసాలోకి దించేశాను. చుక్క పడటం ఆగాక కూడా పావుగంట కూర్చున్నాను. ఫ్లాంజులకి ప్లాస్టిక్ మూతలు బిగించాను.

పొద్దున ఆటో ఎక్కించేటప్పుడు డ్రైవర్ "సీటు కింద పడుకోబెట్టండి, కదలదు" అన్నాడు. వద్దులే అన్నాను. మేనల్లుడు పటమట నుంచి కాలేజీ దాకా మీటర్‌ని ఒళ్లో నిలువుగా పట్టుకుని కూర్చున్నాడు. ఆయిల్ సీసా, రసమట్టం నా సంచిలో.